సిరోంచ ఠాణాల్లో బాడీ కెమెరాలు, ఫిర్యాదు రాసే సాఫ్ట్‌వేర్: ట్రయల్ కాగితంలో ఏమేం ఉండాలి?

ప్రాణహిత_గట్టు:

గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు మూడు ఠాణాలకు ట్రయల్ కాగితం తయారు చేయాలి. హైదరాబాద్ సప్లయర్ ఒకరు మూడు నెలలు ఉచితంగా పెట్టి చూపిస్తామంటున్నారు. ఠాణాకు నాలుగు చొప్పున 12 బాడీ కెమెరాలు, డాక్‌లు (కెమెరాను గుచ్చి ఛార్జ్ చేసే, వీడియో దింపే స్టాండ్లు), క్లౌడ్ ఖాతా ఇస్తారు. వాటితోపాటు, ఫిర్యాదు చేసే మనిషి తెలుగులో చెప్తుంటే విని మరాఠీలో ముసాయిదా రాసే సాఫ్ట్‌వేర్ కూడా.

వాళ్లు పంపిన ప్లాన్‌లో ‘వాడినవాళ్ల సంతృప్తి’ తప్ప కొలిచేది ఏమీ లేదు. నాగపూర్‌లో పోలీసుల దర్యాప్తుకు సాయపడే ఏఐ సాఫ్ట్‌వేర్ మహాక్రైమ్‌ఓఎస్‌ను 23 ఠాణాల్లో నడిపి, 2025 డిసెంబర్‌లో రాష్ట్రంలోని 1,100 ఠాణాలకు విస్తరిస్తామని ప్రకటించారు. కానీ నాగపూర్ ఇంటర్నెట్ లైను, నాగపూర్ కరెంటు వేరు. ఇక్కడ 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ దొరికితే గొప్ప, వానాకాలంలో దానికీ భరోసా లేదు. ఫిర్యాదుకు వచ్చేవాళ్లలో తెలుగు, మరాఠీ, మాడియా (ఇక్కడి గిరిజనుల భాష) మాట్లాడేవాళ్లు కలిసే ఉంటారు.

మొదలుపెట్టే ముందే ఏమేం రాసుకోవాలి? ఏది ఎక్కడ దెబ్బతింటుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

డాక్_రూమ్:

అన్నా, ముందు నెలలు చూసుకో. ట్రయల్ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పెడితే అన్నీ బాగానే నడుస్తయి, ఏమీ తెల్వది. మే, జూన్, జులై అడుగు. ఎండ, వాన రెండూ తగులుతయి.

ఇప్పుడు లెక్క. వీడియో స్పష్టత 1080పీలో 6 ఎంబీపీఎస్ పెడితే గంటకు 2.7 జీబీ అవుతది. ఒక్కో కెమెరా రోజుకు 3 గంటలు రికార్డు చేస్తే ఠాణాకు 32 జీబీ. 10 ఎంబీపీఎస్ లైను ఖాళీగా ఉన్నా గంటకు 4.5 జీబీయే పైకి పోతది, అంటే 7 గంటల పైమాటే. రెండు రోజులు లైను పోయిందనుకో, మూడోనాటికి బాకీ మోయలేనంత అవుతది. 720పీలో 2 ఎంబీపీఎస్ పెడితే రోజుకు 11 జీబీ, రెండున్నర గంటల్లో ఎక్కుతది. గస్తీకి 720పీ చాలు, సోదాకు మాత్రం 1080పీ. అప్‌లోడ్ రాత్రి 11 తర్వాతే నడిచేటట్టు పెట్టించు. ఏ సెట్టింగ్ అయినా డాక్ పక్కన ఒక చిన్న కంప్యూటర్, అందులో 4 టీబీ డిస్కులు రెండు (ఒకదాని నకలు ఇంకోదాంట్ల) ఉండాలె. 90 రోజులకు మొత్తం 1080పీ అయినా 2.9 టీబీయే అవుతది. క్లౌడ్ ఒక్కటే అంటే ఒప్పుకోకు.

ఎండది పెద్ద కథ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటితే మామూలుగా ఛార్జింగ్ సర్క్యూటే ఆపేస్తది. మే నెల మధ్యాహ్నం చొక్కా మీద కాలిన కెమెరాను తెచ్చి రేకుల గదిలో డాక్‌లో గుచ్చితే లైటు మెరుస్తనే ఉంటది, ఛార్జ్ ఎక్కదు. పొద్దున తీసేసరికి సగమే ఉంటది, అందరూ బ్యాటరీ చెడిపోయిందంటరు. డాక్ పడమటి గోడకు పెట్టొద్దు. కెమెరాను అరగంట నీడలో ఉంచినాకే గుచ్చాలె. బ్యాటరీ గంటలు కరపత్రం చూసి రాయకు. ఇన్‌ఫ్రారెడ్, జీపీఎస్, ముందస్తు రికార్డింగ్ అన్నీ ఆన్ చేసి మొదటి రోజు ఒకసారి, 80వ రోజు ఒకసారి కొలువు. ముందస్తు రికార్డింగ్ అంటే బటన్ నొక్కక ముందటి 30 సెకన్లు కూడా దాచిపెట్టేది. అందులో శబ్దం వస్తదా రాదా అన్నది వేరుగా చూడు, చాలాటిల్లో బొమ్మ ఒక్కటే ఉంటది.

కరెంటుకు: డాక్, కంప్యూటర్, రూటర్ కలిపి 115 వాట్లు అనుకో. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని సగం దాకా వాడితే, ఇన్వర్టర్ నష్టం పోను ఆరు గంటలు వస్తది.

ఇంకొకటి గడియారం. కెమెరాలో టైం నడిపే క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షలకు 20) తేడా ఉంటే రోజుకు 1.7 సెకన్లు జారుతది. సరిచేయకుంటే 90 రోజులకు రెండున్నర నిమిషాలు. డాక్‌లో పెట్టినప్పుడల్లా సరి అవుతదని చెప్తరు, కానీ లైను లేనప్పుడు డాక్ కంప్యూటర్ గడియారమే తప్పు పోతుంటది. ప్రతి సోమవారం అన్ని కెమెరాల ముందు ఒకే ఫోన్ గడియారం పెట్టి పది సెకన్లు తీసి, తేడా రిజిస్టర్‌లో రాయండి.

రాజురా_వకీలు:

డాక్_రూమ్ గారు చెప్పిన గడియారం తేడా కోర్టులో చాలా బరువైన విషయం. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లోనే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైం సర్వర్లతో గడియారాలు కలపాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని ఉంది. ఈ మూడింటినీ సప్లయర్ ఒప్పందంలోకి తెచ్చుకోండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని, జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవడంతో సహా వీడియో తీసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఈ పనికి ఎన్ఐసీ వారి ఈ-సాక్ష్య యాప్ ఇప్పటికే ఉంది. ట్రయల్ కెమెరా వచ్చిందని దాన్ని పక్కన పెట్టకూడదు. అయితే అదే సోదా ట్రయల్ కెమెరాలో కూడా పడితే అది కూడా సాక్ష్యమే. ‘90 రోజుల తర్వాత సర్వర్ మొత్తం తుడిచేస్తాం’ అన్న వాక్యం సప్లయర్ కాగితంలో ఉంటే వెంటనే కొట్టేయించండి. ముందు కేసు నంబర్ ఉన్న ఫైళ్లన్నీ ఠాణా డిస్కుకు చేరాలి, వాటి హాష్ (ఫైలులో ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) సరిపోవాలి, ఆ తర్వాతే తుడవడం, దానికి రాతపూర్వక ధ్రువపత్రం.

హాష్ దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో రెండు భాగాలు: ‘ఎ’ భాగాన్ని రికార్డు దాఖలు చేసేవారు నింపాలి, ‘బి’ భాగాన్ని నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హాష్ విలువ రాయాలి. కొన్ని క్లౌడ్ సాఫ్ట్‌వేర్లు బ్రౌజర్‌లో తేలిగ్గా ఆడాలని వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేస్తాయి. చూడ్డానికి అదే వీడియో, కానీ హాష్ మారిపోతుంది. మొదటి వారంలోనే పది క్లిప్పులు తీసుకుని డాక్ కంప్యూటర్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో హాష్ లెక్కించండి, క్లౌడ్ నుంచి దింపి మళ్లీ లెక్కించండి. ఒక్కటి తేడా వచ్చినా అసలు ఫైలు విడిగా దాచే ఏర్పాటు చూపించేదాకా కెమెరాలు బయటికి పంపవద్దు. పాత సాక్ష్య చట్టం కింద ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో తేల్చింది, ఆ వివాదం మన మహారాష్ట్ర జాల్నాదే.

‘ముఖాలు గుర్తుపట్టే సౌకర్యం కూడా ఊరికే కలుపుతాం’ అంటే ఈ ట్రయల్‌లో వద్దనండి. వెయ్యికి ఒకటి తప్పు చొప్పున పోల్చే సాఫ్ట్‌వేర్‌కు 10,000 ఫోటోల జాబితా ఇస్తే ఒక్కో వెతుకులాటకు సగటున పది మంది తప్పుగా తగులుతారు. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ పోలీసులు ఇలాగే ట్రయల్‌గా వాడితే 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు తప్పుపట్టింది. వ్యాపార రహస్యమంటూ తయారీదారు శిక్షణ డేటా వివరాలు ఇవ్వలేదు. వివక్ష ఉందో లేదో పోలీసులు తమంతట తాము సరిగ్గా పరీక్షించలేదన్నది కోర్టు చూపిన లోపాల్లో ఒకటి.

మాటా_లిపి:

మాట విని రాసే సాఫ్ట్‌వేర్ గురించి నేను చెప్త. ఇది రెండు మెట్ల పని. మాట నుంచి తెలుగు రాత, తెలుగు నుంచి మరాఠీ. మొదటి మెట్టు మీద జరిగిన తప్పు రెండో మెట్టు ఎక్కేసరికి వ్యాకరణం చక్కగా కుదిరిన తప్పు అవుతది, ఇగ ఎవరి కంటికీ కనబడదు. అందుకే తెరమీద తెలుగు రాత, మరాఠీ రాత పక్కపక్కనే ఉండాలె, ఆడియో దాచాలె. మరాఠీ ఒక్కటే చూపే వర్షన్ అయితే ట్రయల్‌కు కూడా తీసుకోవద్దు.

మన దిక్కు ‘నేను కొట్టలే’ అంటే కొట్టలేదని. ‘నేను కొట్టాలె’ అంటే కొట్టి తీరాలని. తేడా దీర్ఘం ఎక్కడ పడ్డదన్నదే. టీవీ వార్తల తెలుగుతో నేర్చిన సాఫ్ట్‌వేర్‌కు ‘కొట్టలే’ కొత్త, దగ్గరున్న మాటకు గుంజుతది. తారీకులూ అంతే. ‘మొన్న’ను మరాఠీలో ‘పరవా’ అని వేస్తది. పరవా అంటే మొన్న, ఎల్లుండి రెండూ. తారీకు ఎప్పుడూ అంకెల్లోనే పడాలె, అడిగి తెలుసుకుని వేయాలె. పేర్లల్ల మనకు ఇంటిపేరు ముందు, మరాఠీలో తన పేరు, తండ్రి పేరు, ఆఖరుకు ఇంటిపేరు. తిప్పేటప్పుడు తండ్రి పేరు ఎగిరిపోతది.

పరీక్ష ఇట్లా పెట్టు. అసలు ఫిర్యాదులతో కాదు, ఒప్పుకున్న మనుషులు చెప్పే ఉత్తుత్తి ఫిర్యాదులు 60 తీసుకో. తెలుగు 30, మరాఠీ 20, రెండూ కలిపి మాట్లాడేటివి 10. ఒక్కోటి మూడు నుంచి ఐదు నిమిషాలు. ముసలివాళ్లు, ఆడవాళ్లు తప్పక ఉండాలె. ఫ్యాన్ తిరుగుతున్న ఠాణా హాల్లోనే, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టి తీయాలె. మొత్తం మాటల్లో తప్పుల శాతం ఒక్కటే చూస్తే మోసపోతం. పేరు, ఊరు, తారీకు, పైసలు, ‘లేదు’ అన్న మాట, ఈ ఐదింటిని విడిగా లెక్కించు. అంకిసా, అసరల్లి, జింగనూర్ లాంటి ఊర్ల పేర్లు, సాత్‌బారా (భూమి రికార్డు), తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) లాంటి మాటలు ముందే జాబితాగా ఎక్కించమను.

చేత్తో రాస్తే ఎంతసేపు పడుతదో ట్రయల్‌కు ముందు రెండు వారాలు రాసుకో. తర్వాత దిద్దే టైం కూడా కలిపి పోల్చు. సప్లయర్ దిద్దుబాటు కలపకుండా చెప్తడు. బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నోటితో చెప్పినదాన్ని రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలె కదా. తెలుగు మనిషికి తెలుగులోనే చదివి వినిపించు. మాడియా మాట్లాడేవాళ్లను ఈ సాఫ్ట్‌వేర్ దగ్గర కూర్చోబెట్టొద్దు. మనిషి దుబాసీనే పెట్టి, ఆయన పేరు కాగితంలో రాయాలె.

ప్రాణహిత_గట్టు:

అందరికీ ధన్యవాదాలు, నెలలు మార్చమని రేపే అడుగుతాను. ఒక అనుమానం. ఒడ్డున నిలబడితే ఫోన్లు అవతలి కాళేశ్వరం వైపు టవర్ పట్టుకుంటాయి. వీడియో మీద పడే లొకేషన్ ఏమవుతుంది?

డాక్_రూమ్:

ఆకాశం కనబడే చోట జీపీఎస్ ఫిక్స్ (ఉపగ్రహాలను బట్టి ఖరారైన లొకేషన్) దొరికితే ఏ టవర్ పట్టినా లొకేషన్ సరిగ్గానే పడుతది. గదిలోనో, దట్టమైన చెట్ల కిందనో ఫిక్స్ దొరక్క, సిమ్ ఉన్న కెమెరా టవర్‌ను బట్టి అంచనా వేసుకుంటే చుక్క నది దాటి తెలంగాణల పడుతది. అప్పుడు ఏ ఠాణా హద్దు అన్న గొడవ లేస్తది. టవర్ అంచనాను ఆపేయమను, ఫిక్స్ లేకుంటే ‘లొకేషన్ లేదు’ అని పడాలె. ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చన్న అంకె, ఎన్ని ఉపగ్రహాలు దొరికినయ్ అన్నది కూడా ఫైల్‌లో ఉండేటట్టు అడుగు. డాక్ నుంచి తీసినంక బయటకొచ్చి రెండు నిమిషాలు ఆరుబయట నిలబడి, ఫిక్స్ దీపం వెలిగినాకే బండెక్కమని సిబ్బందికి చెప్పు.