‘వెంగిపఴు’లోని చివరి అక్షరం ‘ఫ’ ఎలా అయింది?

గోదారిగట్టు:
కన్నడ ఆదికవి పంపడు ‘విక్రమార్జున విజయం’ చివరి ఆశ్వాసంలో తన పూర్వుల ఊళ్లను చెప్పుకున్న పద్యం రెండు రోజులుగా మనసులో మెదులుతున్నది. పద్యం మొత్తం గుర్తు రావడం లేదు గాని, ‘వెంగిపఴు’ అన్న పేరు మాత్రం నాలుక మీదే ఉంది. కన్నడ పాఠం సంపాదించి తెలుగు లిపిలోకి మార్చగా, ‘వెంగిప’ వరకు చక్కగా వచ్చి, ఆ తరువాత ఒక ఖాళీ డబ్బా, దాని పక్కన ఆధారం లేని కొమ్ము మిగిలాయి. ఆ కన్నడ అక్షరం పేరేమిటని, కంప్యూటరు అక్షరాలకు సంఖ్యలు, పేర్లు ఇచ్చే యూనికోడ్ పట్టిక చూస్తే ‘ఎఫ్ఏ’ (ఫ) అని ఉంది. పంపడు ‘వెంగిపఫు’ అని రాసి ఉండడు కదా! అది ‘తమిఴ్’లో వినిపించే ఴ యేనా, లేక నేనే ళ ను ఴ గా గుర్తు పెట్టుకున్నానా?

లిపిశాల:
మీ జ్ఞాపకం మాట ఎలా ఉన్నా, పట్టికలోని పేరు మాత్రం నిశ్చయంగా తప్పు. తెలుగు, కన్నడ అక్షరాలు పట్టికలో 128 స్థానాల ఎడంతో సమాంతరంగా నడుస్తాయి కనుక, చాలా ఉపకరణాలు 128 తీసివేసి లిపి మార్చేస్తాయి. తమిళ, మలయాళాల్లో ఴ కూర్చున్న 34వ గడి (హెక్సాడెసిమల్ లెక్కలో) కన్నడంలో ఖాళీగా ఉంది. కన్నడ ఴ ను 5ఈ (5E) గడిలో పెట్టారు. దేవనాగరిలో ఆ గడి నుక్తా చుక్క ఉన్న ఫ ది. పేరు కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. మన ఴ 2014లో, 7.0 కూర్పులో, 34వ గడికే వచ్చింది. అందువల్ల 128 తీసివేస్తే తెలుగులో అక్షరమే లేని గడి తగులుతుంది. ఒకసారి పెట్టిన పేరును మార్చరాదన్న నియమం వల్ల ‘ఎఫ్ఏ’ అలాగే ఉండిపోయింది. ఴ ను సూచించే ‘ఎల్ఎల్ఎల్ఏ’ను సవరణగా, మారుపేరుగా చేర్చారు.

హళగన్నడాభిమాని:
ఆ మారుపేరు కూడా కన్నడిగుల నోటి మాట కాదు. వారు దాన్ని ‘రళ’ అంటారు. 13వ శతాబ్దిలో కేశిరాజు తన కన్నడ వ్యాకరణం ‘శబ్దమణిదర్పణం’లో రళ, కుళ, క్షళ అని ళ ను పోలిన మూడు ధ్వనులను వేరు చేసి చూపవలసి వచ్చిందంటే, అప్పటికే వాడుకలో అవి కలగాపులగమై ఉంటాయి. కనుక లేఖకుడు ళ రాశాడా, ఴ రాశాడా అన్నది వ్రాతప్రతిని చూడనిదే తేలదు.

శాసనప్రియ:
వ్రాతప్రతి దాకా ఎందుకండీ? కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో అదే ఊరు ‘వంగిపర్ర’గా ఉంది. తెలుగు కందాలు మూడు ఉన్నది అక్కడే కదా, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ‘ర్ర’ ఉన్నదంటే మూలంలో రళ ఉన్నట్టే. పొఴ్తు మన దగ్గర ప్రొద్దు కాలేదా?

హళగన్నడాభిమాని:
ప్రొద్దులో రేఫ ముందుకు జరిగింది, ఇక్కడ జరగలేదు. అచ్చుల నడుమ ఴ తెలుగులో డ అవుతుంది: ఏఴు ఏడయింది, కోఴి కోడయింది, చోఴుడు చోడుడయ్యాడు. ఆ లెక్కన ‘వెంగిపడు’ కావాలి. కన్నడంలో ‘పఴు’ అంటే అడవి; ‘పర్ర’ అంటే పల్లపు చిత్తడి నేల, అది వేరే మాట.

గోదారిగట్టు:
డబ్బా ఉన్నచోట తెలుగు ఴ ను చేత్తో అతికించాను, నా కంప్యూటరులో చక్కగా కనిపిస్తున్నది. అదే మా అన్నయ్యకు పంపితే, ఆయన పాత ఫోనులో ఆ ఫాంటు లేక మళ్లీ డబ్బాయే కనిపించింది. ఇంతకూ ఴ ఉంచాలా, ళ గా మార్చాలా?

శాసనప్రియ:
అది తరువాత చూద్దామండీ. పర్ర చిత్తడి నేల అయితే, పఴు అడవి ఎలా అయిందో ముందు హళగన్నడాభిమాని గారిని చెప్పమనండి.