కావేరి మూపురపు మహసీర్ ‘కొత్త జాతి’ ఎలా అయింది?

గేలంబాబు:
కావేరిలో మూపురం ఉండే మహసీర్ అనే పెద్ద మంచినీటి చేప గురించి చదివాను. నలభై అయిదు కిలోలు దాటి పెరుగుతుంది. 1873లోనే హెచ్.ఎస్. థామస్ అనే దొర దీని గురించి పుస్తకంలో రాశాడు. అంటే గేలం పట్టిన ప్రతివాడికీ తెలిసిన చేప. శాస్త్రీయ నామం మాత్రం 2018లో ఖాయమైందట: టోర్ రెమాదేవీ. ముసలి చేపకు ఇప్పుడు బారసాల ఏమిటి? ‘కొత్త’ అన్న మాట నాకు మింగుడుపడటం లేదు.

పొలుసుల మాస్టారు:
బాబుగారూ, 2018లో ఎవరూ కొత్త పేరు పెట్టలేదు. కేరళలోని పాంబార్ నదిలో దొరికిన చేపలకు అంతకు కొన్నేళ్ల ముందే ఆ పేరు పెట్టారు. పాంబార్ నీళ్లు చేరేదీ కావేరికే. కావేరి పరీవాహకంలోనే ఉన్న మోయార్ నదిలో పట్టిన మూపురపు చేపల ఆకారాన్నీ డీఎన్ఏనూ పోల్చి, రెండూ ఒకటేనని 2018లో తేల్చారు. అంతే.
ఇక ‘కొత్త జాతి’ అంటే చేప నిన్న పుట్టిందని కాదు, వర్ణన కొత్తగా అచ్చయిందని. ఒక చేపను మూల నమూనాగా ఎంచి మ్యూజియంలో భద్రపరచాలి. చేప పక్క పొడవునా సాగే పార్శ్వరేఖ వెంట పొలుసులు లెక్కపెట్టాలి, మీసాలు కొలవాలి, దగ్గరి జాతులతో తేడా ఎక్కడో చూపాలి. ‘మా ఊళ్లో అందరికీ తెలుసు’ అన్నది వర్ణన కాదు.

లాటిన్ రంగయ్య:
ఈ పేరు ఏ చేపల శాస్త్రవేత్త గౌరవార్థం పెట్టారో ఆ రెమాదేవి గారు మహిళ. జంతువుల శాస్త్రీయ నామాల నియమావళి ప్రకారం మహిళ పేరుతో పెట్టే నామానికి లాటిన్ స్త్రీ ప్రత్యయం (-ae) రావాలి. ఇక్కడ పురుష ప్రత్యయం (-i) తగిలించారు. ముందు దీనికి జవాబు చెప్పండి.

పుట్టిదాసు:
మాది కృష్ణ ఒడ్డు. మా మేనమామ నలభై ఏళ్లు పుట్టి మీద తిరిగి వల వేశాడు. ఒకసారి పరిశోధకులు వస్తే మూడు రాత్రులు వెంట ఉండి, ఏ చేప ఏ మడుగులో గుడ్లు పెడుతుందో చూపించాడు. తరువాత వ్యాసం వచ్చింది. అందులో ‘స్థానికుల సహకారంతో’ అని రెండు మాటలున్నాయి. మామ పేరు లేదు. మాస్టారూ, మీ వర్ణన అంటే ఇదేనా?

గోదావరి గట్టు:
పులసల కాలంలో మహసీర్ గొడవ ఎందుకండీ!

పొలుసుల మాస్టారు:
మంచి మాట ఎత్తారు. సముద్రంలో ఇలస, గోదావరి ఎక్కితే పులస. ఒకే చేపకు మనవాళ్లు రెండు పేర్లు పెట్టారు. ఊరి పేరును నమ్ముకుంటే జాతుల లెక్క తేలదు.

పుట్టిదాసు:
రుచి మారింది కాబట్టి పేరు మార్చారు. మీ సీసాలోని చేప రుచి ఎవరికైనా తెలుసా?

లాటిన్ రంగయ్య:
ప్రత్యయం సంగతి?

పొలుసుల మాస్టారు:
రంగయ్యగారూ, దయచేసి కాసేపు ఆగండి. దాసుగారూ, వెటకారం వద్దు. పేరు లేని చేపను, ముప్పులో ఉన్న జాతుల అంతర్జాతీయ జాబితా అయిన రెడ్ లిస్టులోకి ఎక్కించలేకపోయారు. అది అనామకంగా ఉన్న ఆ ఏళ్లలోనే మహారాష్ట్రలోని లోనావాలాలో చేపపిల్లలను పెంచే హేచరీ నుంచి పిల్లలను తెచ్చి కావేరిలో వదిలారు. అవి నీలి రెక్కల మహసీర్, 1839లో సైక్స్ అనే ఆంగ్లేయుడు పుణె దగ్గర ములా-ముఠా నదిలో వర్ణించిన జాతి. మీ కృష్ణ పరీవాహకానిదే. మహసీర్ అంటే మహసీరే కదా అనుకున్నారు. అవి నది నిండా పెరిగాయి, అసలుది కరువైంది. పేరు ఖాయమయ్యాకే, 2018లో, దాన్ని అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జాతిగా ప్రకటించారు. పేరు పనికిరాదంటారా?

గేలంబాబు:
మూపురం ఉన్నదీ లేనిదీ కంటికి కనబడుతుంది కదా. వదిలే ముందు ఒడ్డున ఉన్నవాణ్ని అడిగితే సరిపోయేది.

పొలుసుల మాస్టారు:
అడగలేదు. అది మావాళ్ల తప్పే, ఒప్పుకుంటాను.

పుట్టిదాసు:
ఒప్పుకోలు సరే. పేరు వచ్చాక ఏమవుతుందో కూడా చెప్పండి. జాబితాలోకి ఎక్కిన మర్నాడు వల తీయమంటారు. ఆనకట్ట తీయమని ఎవరూ అనరు. ఇసుక లారీని ఎవరూ ఆపరు. మా మామ పేరు వ్యాసంలో లేదన్నది నా చిన్న బాధ. ఆయన చూపిన మడుగులోకి రేపు ఆయన్నే రానివ్వరన్నది పెద్ద బాధ.

పొలుసుల మాస్టారు:
ఆ భయం అర్థమైంది. కానీ గుడ్లు పెట్టే చోటు తెలియకుండా ఏ చేపనూ కాపాడలేం. ఇంతకీ ఆ మడుగు ఎక్కడ?

పుట్టిదాసు:
చెప్పను.