బుతో నాట్యం హిరోషిమా బాధలోంచే పుట్టిందా? అంశం వేయించేందుకు సలహాలు కావాలి

పెన్నాగట్టు (నెల్లూరు):
టౌన్‌హాల్లో ఐదుగురు కాలేజీ పిల్లలతో జపాన్ వాళ్ళ బుతో నాట్యంలో ఎనిమిది నిమిషాల అంశం వేయించాలి. మూడు వారాలుండాది. అందరూ కూచిపూడి నేర్చినోళ్ళే. ఒళ్ళంతా తెల్లరంగు, నత్తనడక, అంతేనా? బాంబు బాధలోంచి పుట్టిందని పరిచయంలో చెప్పొచ్చా?

కావలి_తెర:
ఆ వాక్యం తీసెయ్యన్నా. ఎక్కడ చూసినా అదే రాస్తారు. తొలి ప్రదర్శన 1959 మేలో టోక్యోలో, బుతో మొదలుపెట్టిన హిజికాత తత్సుమి చేసిన ‘కింజికి’. పేరు జపాన్ రచయిత మిషిమా నవలది, విషయం మగవాళ్ళ మధ్య కోరిక, వేదిక మీద బతికున్న కోడి. బాంబు ఊసే లేదు. యుద్ధం తర్వాతి జపాన్ కలవరం వెనక ఉంది, నిజమే. ఆయన తిరగబడింది మాత్రం పడమటి నాట్యం నేర్పిన ‘అందమైన ఒంటి’ మీద. అందుకే ‘అంకోకు బుతో’, చీకటి నాట్యం అన్నారు. బుతోలో రెండో పాయ ఓనో కజువో అనే నర్తకుడిది. 1929లో చూసిన స్పానిష్ నర్తకి లా అర్హెంతీనాను తలచుకుంటూ, డెబ్బై దాటాక 1977లో ఆడాడు. దర్శకుడు హిజికాతే.

అరమండి_వద్దు (ఒంగోలు):
మీకు చిక్కు తెచ్చేది కూచిపూడే. పిల్లలు రొమ్ము ఎత్తి, కళ్ళతో భావం చూపిస్తారు. ఇక్కడ ముఖం చెప్పకూడదు. మొదటి వారం నడక ఒక్కటే చేయించండి: మోకాళ్ళు కాస్త వంచి, నెత్తిన నీళ్ళ గిన్నె ఉన్నట్టు, అరికాళ్ళ కింద కత్తి అంచు ఉన్నట్టు, కళ్ళు గాజువైనట్టు. నెమ్మదిగా నడవమంటే ఊపిరి బిగబడతారు, తొడలు వణుకుతాయి. వేగం గురించి ఎత్తకుండా ఊహను మాత్రం ఇవ్వండి.
తర్వాత పురుగుల సాధన. కుడిచేతి మీద ఒక పురుగు, మెడ మీంచి వీపుకు రెండోది, తొడ లోపల మూడోది, చివరికి వందల కొద్దీ. దురద నటిస్తే ఆపి మళ్ళీ మొదటి పురుగు నుంచి. హిజికాత ఇట్టాంటి ఊహలనే మాటల్లో రాసుకునేవాడు, దాన్నే ‘బుతోఫు’ అంటారు. బుతోలో వచ్చే దొడ్డికాళ్ళ భంగిమలో బరువు పాదాల బయటి అంచున పడుతుంది, చీలమండలు జాగ్రత్త.

పెన్నాగట్టు:
రంగు సంగతి? సున్నం కలిపి పూద్దామంటున్నారు పిల్లలు.

కావలి_తెర:
సున్నం మాత్రం వద్దు, ఒళ్ళు కాలుద్ది. మేకప్ దుకాణంలో నీళ్ళతో కలిపే తెల్లరంగు తీసుకోండి. ముందురోజు మోచేతి లోపల కొంచెం రాసి చూడండి. మన ఉక్కపోతకు మందంగా పూస్తే చెమటకు చారలు కడుతుంది. పల్చగా రెండు పూతలు, మధ్యలో ఫ్యాను కింద ఆరనివ్వండి.
ఇంకోటి. హిజికాత పుట్టింది ఉత్తర జపాన్‌లోని అకితాలో, చలి, వరిపొలాలు. వంగిపోయిన రైతు నడుములే ఆయన భంగిమలు. అకితా చలిని ఇక్కడ నటించడం దేనికి? కోవూరు వైపు నాట్లేసే ఆడోళ్ళ నడుము, బురదలోంచి మడమ ఊడదీసే తీరు పిల్లలకు చూపించండి.