వర్డ్‌ప్రెస్ ఫైళ్లకు ఓనర్ ఎవరుండాలి: మన లాగిన్ యూజరా, వెబ్ సర్వర్ యూజరా?

కావలి_అడ్మిన్: చీమకుర్తి గ్రానైట్ షాపు వాళ్ల సైటు మా చేతికొచ్చింది. ఉబుంటు సర్వర్. ఫోటోలు ఎక్కడం లేదని ఇదివరకు ఎవరో మొత్తానికి 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు) కొట్టి వదిలేశారు. అది తీసేసి ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 (రెండింట్లోనూ రాసే హక్కు ఓనర్‌కే) పెడదాం, అందులో గొడవ లేదు. ఓనర్ దగ్గరే మా ఆఫీసులో ఇద్దరికీ కుదరడం లేదు.

పినాకిని: డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (ఉబుంటులో వెబ్ సర్వర్ యూజర్) పేరున రాసిచ్చెయ్ తమ్ముడూ. లేకుంటే ప్లగిన్ అప్‌డేట్ నొక్కగానే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ అడుగుతుంది. షాపాయన భయపడి మళ్లీ ఆ బటన్ జోలికే పోడు. పాత ప్లగిన్ కంటే పెద్ద ప్రమాదం ఇంకేముంది?

ఒంగోలు_డెవ్: అస్సలు ఒప్పుకోను. మామూలు సెటప్‌లో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ కోడ్ భాష) నడిచేది ఆ యూజర్ పేరు మీదే కదన్నా. 644లో మొదటి అంకె 6, అంటే చదివే, రాసే హక్కు, ఓనర్‌కే. ఆ ఓనరే వెబ్ యూజర్ అయితే, ఒక్క ప్లగిన్‌లో బొక్క దొరికినా చాలు, వచ్చినవాడు ఇండెక్స్ ఫైలే తిరగరాస్తాడు. ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. కోడ్ మన యూజర్ పేరున, గ్రూప్ వెబ్ యూజర్‌ది. పాస్‌వర్డ్ ఉండే కాన్ఫిగ్ ఫైలుకు 640 (ఓనర్ రాస్తాడు, గ్రూప్ చదువుతుంది, మిగతావాళ్లకు ఏమీ లేదు). వెబ్ యూజర్‌కు రాసే హక్కు ఫోటోలు ఎక్కే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో మాత్రమే, అందులో పీహెచ్‌పీ నడవకుండా ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) లోనే ఆపెయ్.

పినాకిని: మరి అప్‌డేట్లు ఎవరు చేస్తారు? నువ్వు ఒంగోలు నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లోకి (దూరం నుంచి సర్వర్ లాగిన్) వస్తావా?

ఒంగోలు_డెవ్: క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్ కమాండ్ టూల్) పెడితే మన యూజర్ పేరుతో అదే చేసుకుంటుంది.

పినాకిని: పెడితే బాగానే ఉంటుంది. పెట్టినోళ్లను నేనైతే చూళ్లేదు.

నెల్లూరు_నైట్‌షిఫ్ట్: ఆ సర్వర్‌లో ఇంకెన్ని సైట్లున్నాయో ఎవరూ అడగలేదే! అన్నీ ఒకే వెబ్ యూజర్‌వి అయితే ఒకటి పడితే అన్నీ పడతాయి. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో (పీహెచ్‌పీని నడిపే సర్వీసు) సైటుకో పూల్ (విడి ప్రాసెస్‌ల గుంపు), పూల్‌కో యూజర్ పెట్టండి. అప్‌డేట్ బటనూ పనిచేస్తుంది.

ఒంగోలు_డెవ్: పక్క సైటు బతుకుతుంది సరే, ఈ సైటు కోడ్‌కు మాత్రం రక్షణ లేదు. పూల్ యూజర్ వేరు, కోడ్ ఓనర్ వేరు ఉండాల్సిందే.

కావలి_అడ్మిన్: పూల్ పెట్టి చూశా, ఇప్పుడు 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తోంది. ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో ఉన్నాయి, పర్మిషన్లు సరిగ్గానే ఉన్నాయి.

నెల్లూరు_నైట్‌షిఫ్ట్: కొత్త ఉబుంటులో హోమ్ ఫోల్డర్ 750, అంటే ఓనర్, గ్రూప్ తప్ప బయటివాళ్లకు దారి లేదు. పై ఫోల్డర్లన్నిటికీ ఎక్స్ (లోపలికి దాటే హక్కు) లేకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ లోపలికి రాలేదు. 'నేమ్‌ఐ -ఎల్' (namei -l) కొట్టి పాత్ ఇవ్వు, ఎక్కడ ఆగిందో వరసగా కనపడుతుంది. సైటును వార్ (/var) ఫోల్డర్ కిందికి మార్చెయ్. కంగారులో 'ఆర్' (లోపలున్న అన్నిటికీ వర్తించే ఆప్షన్) పెట్టి మొత్తానికి 755 కొట్టబాకు, ఫైళ్లకూ ఎక్స్ (ఫైలైతే నడిపే హక్కు) వచ్చేస్తుంది. ఫైండ్ కమాండ్‌తో ఫోల్డర్లకు ఒకసారి, ఫైళ్లకు ఒకసారి విడిగా కొట్టు.

పినాకిని: పూల్ అయితే నాకూ ఓకే. అప్‌డేట్ బటన్ మాత్రం పీకబాకండి.