పద్నాలుగు నెలలుగా కదలని 1975 నాటి సెస్నా 172: ముందు ఏది చూడాలి, విడిభాగాలు ఎలా కొనాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా మామయ్య గారు, ఆయన మిత్రుడు కలిసి చాలా ఏళ్ల కిందట ఒక ఫ్లయింగ్ క్లబ్బు అమ్మేసిన 1975 నాటి సెస్నా 172ఎం విమానాన్ని కొనుక్కున్నారు. అందులో ఉన్నది 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320-ఈ2డీ ఇంజను. మిత్రుడి అనారోగ్యం వల్ల పద్నాలుగు నెలలుగా విమానం బెంగళూరు దగ్గర ఒక షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజను పట్టేయకుండా ఉండాలని అక్కడి కాపలాదారు ప్రతి ఆదివారం ప్రొపెల్లరును చేత్తో నాలుగు చుట్లు తిప్పుతున్నాడు. వాడకం లేని బోరు మోటారు పట్టేయడం మా జిల్లాలో అందరికీ తెలిసిందే కనుక ఈ ఏర్పాటు మామయ్య గారే చేయించారు.

చివరిసారి నేలమీద నడిపినప్పుడు 1700 ఆర్‌పీఎం వద్ద కుడి మాగ్నెటో (స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్తు ఇచ్చే రెండు పరికరాలలో ఒకటి) మీద మాత్రమే నడిపి చూసే పరీక్షలో 150 ఆర్‌పీఎం పడిపోయిందని లాగ్ పుస్తకంలో ఉంది. అమెరికాలోని ఒక అమ్మకందారు వాడిన మాగ్నెటోను కొత్తదాని ధరలో మూడో వంతుకే ఇస్తానంటున్నాడు. దానికి కట్టిన పసుపు చీటీ ఒకటి ఫొటోలో కనిపిస్తోంది కానీ వేరే పత్రం ఏదీ లేదు. ఇవి కాక సైలెన్సరు మీద సన్నని పగులు ఉంది, సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయి. ట్రాక్టరు సైలెన్సర్లు అతికే వెల్డరు చేత, మంచి పేరున్న లేత్ షాపు చేత ఈ రెండు పనులు ఇక్కడే చేయించవచ్చునా, లేక అన్నీ విదేశం నుంచే తెప్పించాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1 (కర్నూలు నుంచి, విశ్రాంత విమాన నిర్వహణ ఇంజనీరు)

మీ ప్రశ్నకు ముందు ఒక మాట: ఆ ప్రొపెల్లరు తిప్పే పనిని ఈ రోజే ఆపించండి. మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు, తన విద్యుత్తును తానే పుట్టించుకుంటుంది. తాళం చెవి ఆఫ్‌లో ఉన్నదంటే దానిని ఒక తీగ ద్వారా బాడీకి కలిపి నోరు మూయించామని మాత్రమే అర్థం. ఆ తీగ ఎక్కడైనా తెగితే, ఇంపల్స్ కప్లింగ్ (స్టార్టు చేసేటప్పుడు మాగ్నెటోను ఒక్క ఉదుటున తిప్పే స్ప్రింగు) ఉన్న మాగ్నెటో చేతితో తిప్పే వేగానికే నిప్పురవ్వ ఇవ్వగలదు. సిలిండరులో కాస్త పెట్రోలు ఆవిరి ఉంటే చాలు, ఆ కాపలాదారు చెయ్యి పోతుంది.

పైగా ఇంజనుకు ఇది మేలు చేయదు, కీడే చేస్తుంది. ఈ ఇంజనులో వాల్వులను ఎత్తే క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లరును తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. దాని మీద మిగిలిన పలుచని నూనె పొరే దానికి రక్షణ. చేత్తో తిప్పినప్పుడు క్యామ్ మీద ఆనుకుని ఉండే ట్యాపెట్లు ఆ పొరను తుడిచేస్తాయి కానీ కొత్త నూనె పైకి రాదు. లైకమింగ్ సంస్థ కూడా ఇలా తిప్పవద్దనే చెబుతుంది. అది కోరేది నెలకొకసారి ఒక గంట ఎగరడం, ఆ గంటలో నూనె ఉష్ణోగ్రత సుమారు 74 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం; అప్పుడే నూనెలో చేరిన తేమ ఆవిరై పోతుంది. నేలమీద పది నిమిషాలు నడిపి ఆపేస్తే తేమ తగ్గదు, పెరుగుతుంది.

ఇక మాగ్నెటో. 172ఎంలో ఒక్కో మాగ్నెటో మీద 125 ఆర్‌పీఎంకు మించి పడకూడదు, రెంటి మధ్య తేడా 50కి మించకూడదు. కాబట్టి మీ 150 పరిమితి దాటినట్టే. అయితే తప్పు మాగ్నెటోదేనని ఎవరు తేల్చారు? మీ ఇంజను 80 ఆక్టేన్ ఇంధనం కోసం రూపొందింది. నేడు దొరికే 100 ఎల్ఎల్ విమాన పెట్రోలులో సీసం దానికి నాలుగు రెట్ల దాకా ఉండవచ్చు. ఆ సీసం స్పార్క్ ప్లగ్గులలో, ముఖ్యంగా కింది వరుసలో, చిన్న గుళ్లుగా గడ్డకట్టి సరిగ్గా ఇలాంటి లక్షణాన్నే చూపుతుంది. ముందు ప్లగ్గులు విప్పించి, శుభ్రం చేయించి, నిరోధం కొలిపించండి. ఆ తరువాత కూడా పడిపోతే అప్పుడు మాగ్నెటోను విప్పించండి. ఎలాగూ ప్రతి 500 గంటలకు దానిని విప్పి చూడవలసిందే. నా ఉద్యోగకాలంలో మాగ్నెటో చెడిందని నా దగ్గరకు తెచ్చిన వారిలో చాలామందికి ప్లగ్గులతోనే పని ముగిసింది.

పసుపు చీటీకి చట్టపరంగా ఏ విలువా లేదు. అది అమెరికా వ్యాపారులలో ఉన్న అలవాటు మాత్రమే. మీరు అడగవలసింది భాగం వాడకానికి తగినదని ధ్రువీకరించే పత్రం: అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వారి 8130-3, లేదా ఐరోపా సంస్థ ఈఏఎస్ఏ వారి ఫారం 1, మన దేశంలో అయితే సీఏ ఫారం 1. అవి లేని భాగాన్ని బిగించి సంతకం పెట్టే ఇంజనీరు దొరికినా, అలాంటి వారికి విమానాన్ని అప్పగించకండి.

లేత్ షాపు వారి పనితనాన్ని నేను శంకించడం లేదు. కానీ ఏఎన్ ప్రమాణపు (విమానాలకు నిర్దేశించిన) బోల్టు ఏ ఉక్కుతో తయారైందో, దానికి ఎంత వేడి చికిత్స జరిగిందో తెలిపే ధ్రువపత్రం వారి దగ్గర ఉండదు. పైగా అవి సీటు బోల్టులు. ఈ సెస్నాలలో సీటు పట్టాల రంధ్రాలు అరిగి, టేకాఫ్‌లో సీటు వెనక్కి జారి, పైలట్ పట్టుకున్న కంట్రోలును కూడా తనతో వెనక్కి లాగేసిన ప్రమాదాలు జరిగాయి. అందుకే ప్రతి 100 గంటలకు లేదా 12 నెలలకు ఏది ముందైతే అప్పుడు వాటిని పరీక్షించాలని ఎఫ్ఏఏ 2011-10-09 సంఖ్యతో ఆదేశం ఇచ్చింది. పద్నాలుగు నెలలంటే మీ గడువు దాటిపోయింది.

సైలెన్సరును ఊరి వెల్డరుకు ఇవ్వవద్దు. క్యాబిన్ హీటరుకు గాలి దాని చుట్టూ ఉన్న తొడుగు గుండానే వస్తుంది. పగులు గుండా కార్బన్ మోనాక్సైడ్ ఆ గాలిలో కలిస్తే వాసన కూడా తెలియదు. అనంతపురం ఎండల్లో హీటరు ఎవరు వేస్తారని అనుకోవచ్చు; హీటరు వాల్వు గట్టిగా మూసుకోకపోయినా చాలు, ఆ గాలి లోపలికి వస్తుంది.

చివరగా, క్యామ్ తుప్పు పట్టిందేమో తెలుసుకోవడానికి ఒక సిలిండరు తీసి చూడడం మంచిదని నా అభిప్రాయం. ఈ ఇంజను మోడల్‌లో ట్యాపెట్లు చెడితే ఇంజను కేసు విడదీస్తే తప్ప బయటికి రావు. అసలు ఖర్చు అక్కడ ఉంది, మాగ్నెటోలో కాదు.

జవాబు 2 (కడప నుంచి, గతంలో శిక్షణ విమానాల స్టోర్సు విభాగంలో పనిచేశాను)

పెద్దలు చెప్పినదానితో దాదాపు అంతా ఏకీభవిస్తున్నాను, సిలిండరు విషయంలో తప్ప. బాగున్న ఇంజనులో సిలిండరు విప్పితే తిరిగి బిగించేటప్పుడు జరిగే పొరపాటే కొత్త చెరుపు అవుతుంది. ముందు పాత నూనె తీసి, ఫిల్టరును కోసి లోహపు రజను ఉందేమో చూడవచ్చు కదా? ట్యాంకులలోని పాత ఇంధనాన్ని కూడా పూర్తిగా తీయించండి.

కొనుగోలు గురించి నాకు తెలిసింది చెబుతాను. సెస్నా 172 రకం 44,000కు పైగా తయారైంది, ఓ-320 కుటుంబం పైపర్ విమానాలలోనూ ఉంది, కాబట్టి ఇంజను భాగాలకు కొరత లేదు. సెస్నా పేరు ఉన్న పెట్టెలోనే రావాలన్న పట్టుదల కూడా అక్కరలేదు. ఎఫ్ఏఏ పీఎంఏ ఆమోదం (విడిభాగాలు తయారుచేసే అనుమతి) పొందిన ఇతర తయారీదారుల భాగాలు తరచుగా చవకగా దొరుకుతాయి, కానీ మీ మోడల్‌కు వర్తిస్తుందో లేదో ఆమోదపత్రంలో చూసుకోవాలి. నిజంగా ఏడిపించేవి ప్లాస్టిక్ తొడుగులు, రెక్క చివరలు, తలుపు లోపలి అతుకులు. యాభై ఏళ్ల ఎండకు అవి అప్పడాల్లా విరుగుతాయి.

ఓవర్‌హాల్ చేసిన భాగాన్ని మార్పిడి పద్ధతిలో (మీ పాత భాగాన్ని ఇచ్చి) కొంటే, దానిని గడువులోగా వెనక్కి పంపకపోతే పూచీగా ముందు కట్టించుకున్న అదనపు సొమ్ము తిరిగి రాదు. ఇక్కడి నుంచి పంపే రవాణా, కస్టమ్స్ పత్రాల ఖర్చు కలుపుకుంటే ఒక్కోసారి నేరుగా కొనడమే మేలు. దిగుమతి పన్ను విషయంలో ఒక ఊరట ఉంది: 2024 జూలై 15 నుంచి షరతులకు లోబడి విమాన భాగాలన్నిటికీ ఐజీఎస్టీ (దిగుమతిపై వేసే జీఎస్టీ) ఒకే రేటుగా 5 శాతం అయింది. ఆ షరతులను సరుకు బయలుదేరకముందే కస్టమ్స్ ఏజెంటు చేత చదివించండి. సరుకు వచ్చి గోదాములో కూర్చున్నాక చదివితే అద్దె మీద పడుతుంది.

జవాబు 3 (కర్నూలు, మొదటి జవాబు రాసినవారు)

కడప మిత్రుల అభ్యంతరం సమంజసమే. అయితే నిలిచి ఉన్న ఇంజను ఫిల్టరులో రజను కనబడదు. తుప్పు పట్టిన క్యామ్ తిరగడం మొదలుపెట్టాకే అది రాలుతుంది. మధ్యేమార్గం ఒకటి ఉంది. రాకర్ మూతలు తీసి, డయల్ గేజితో ప్రతి వాల్వు ఎంత లేస్తుందో కొలవాలి. తక్కిన వాటికంటే ఒకటి స్పష్టంగా తక్కువ లేస్తే అప్పుడు సిలిండరు తీయవచ్చు. కొలతలు బాగుంటే పది గంటలు ఎగిరాక ఫిల్టరు కోసి చూడండి.

అనంతపురం సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మామయ్య గారు నిన్ననే ఫోను చేసి ప్రొపెల్లరు తిప్పడం ఆపించారు. పసుపు చీటీ అమ్మకందారుకు 8130-3 పంపమని రాశాను, ఆయన మళ్లీ బదులివ్వలేదు. వచ్చే వారం లైసెన్సు ఉన్న ఇంజనీరు గారు ప్లగ్గులు విప్పుతామన్నారు. నిరోధం ఎంత దాటితే ప్లగ్గును పక్కన పెట్టాలి?

కర్నూలు

5000 ఓంలు దాటితే పక్కన పెట్టండి. ప్లగ్గులన్నిటినీ విప్పేటప్పుడే ఏది ఏ సిలిండరుదో, పైదో కిందిదో రాసి పెట్టించండి. ఆ వరుసే తరువాత మాగ్నెటో సంగతి చెబుతుంది.