ఫరక్కా బ్యారేజీ హుగ్లీని బతికించిందా, గంగ గట్లను ముంచిందా?

గోదావరి ఇంజినీరు:
2016 వరదల తర్వాత బీహార్ ముఖ్యమంత్రి నితీశ్ కుమార్, పశ్చిమ బెంగాల్‌లో గంగపై ఉన్న ఫరక్కా బ్యారేజీ వల్లే మేట పేరుకుని ముంపు పెరుగుతోందంటూ దాన్ని తొలగించాలని కోరారు. నేను ఏకీభవించను. కలకత్తా రేవుకు ఓడలు సముద్రం నుంచి సుమారు 200 కిలోమీటర్లు గంగ పాయ అయిన హుగ్లీలో ఎదురెక్కి రావాలి. పోటు కొద్దిసేపట్లోనే ఉరవడిగా ఒండ్రును పైకి తోసుకొస్తుంది. ఆటు నెమ్మదిగా సాగుతుంది గనుక ఆ మట్టినంతా తిరిగి మోసుకుపోలేదు. వేసవిలో పైనుంచి నీరు రాకపోతే అది మేట వేస్తుంది. గంగకు అడ్డుకట్ట కట్టి హుగ్లీకి నీరు మళ్లించాలని 1853లోనే, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడాదే, కాటన్ దొర సూచించారు. 1975 నుంచి 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువ చేస్తున్నది ఆ పనే.

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
ఆ కాలువకు అనుకున్న 40,000 క్యూసెక్కులు ఎండాకాలంలో దొరకవని, మాల్దా, ముర్షిదాబాద్, బీహార్‌లలో ముంపు పెరుగుతుందని ఇంజినీరు కపిల్ భట్టాచార్య ముందే హెచ్చరించారు. 1996 ఒప్పందం ప్రకారం ఫరక్కా వద్ద ప్రవాహం 70,000 క్యూసెక్కులకు మించకపోతే బంగ్లాదేశ్‌తో సగం సగం పంచుకోవాలి. అంటే నీరు అత్యవసరమైన రోజుల్లోనే హుగ్లీ వాటా 35,000కు మించదు.

అంతకన్నా పెద్ద తప్పు హుగ్లీలో కలిసే దామోదర్ నది మీద జరిగింది. ఏటా ఉప్పొంగే దామోదర్ వరదే దిగువ హుగ్లీని కడిగేది. మైథాన్ (1957), పాంచెట్ (1959) డ్యాములు ఆ వరదను పట్టి ఉంచాక, వరద తగ్గిందని సంతోషించాం గాని ఓడల దారిని శుభ్రం చేసే చెయ్యి కూడా తగ్గిందని గమనించలేదు. 1977లో దిగువన హల్దియా డాక్ తెరవవలసి వచ్చింది, డ్రెడ్జింగ్ నేటికీ ఆగలేదు. హుగ్లీలో పోటు బలం ఇంకా ఎంతో చూడాలంటే ‘బాన్’ (పోటుతో నదిలోకి ఎగబాకే పెద్ద అల) వచ్చే వేళ ఘాట్ దగ్గర నిలబడండి: అల గట్టుకేసి కొట్టకుండా పడవవాళ్లు ముందే కట్లు విప్పి పడవలను నది నడుమకు తీసుకుపోతారు. ఇక బ్యారేజీకి ఎగువన మాల్దాలో గంగ గట్టును కోసుకుంటూ పంచానందపూర్‌ను, మామిడితోటలను మింగింది.

గోదావరి ఇంజినీరు:
దామోదర్ సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే ఫరక్కా నీటి వల్లే హుగ్లీలో ఉప్పదనం తగ్గింది. కోల్‌కతా తాగునీటిని పల్తా దగ్గర ఆ నదిలోంచే తోడుకుంటున్నది. బ్యారేజీ తీసేస్తే ఆ నగరానికి ఏం చెబుతారు?

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
కూల్చమని నేను అనడం లేదు. బ్యారేజీ ఎగువన పేరుకున్న మేటను తీయాలి, మాల్దాలో ఇళ్లు, పొలాలు కోల్పోయినవారి పరిహారాన్ని రేవును నిలబెట్టే ఖర్చులో భాగంగానే లెక్కగట్టాలి.