కింగ్‌హై సరస్సు చేపలో జంట జన్యువులను విడదీయడం ఎలా?

చైనాలో సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న కింగ్‌హై సరస్సులోని పొలుసుల్లేని కార్ప్ చేప, జిమ్నోసైప్రిస్ ప్రెవాల్‌స్కీ, మీద పనిచేస్తున్నాను. తక్కువ ఆక్సిజన్‌కు స్పందించే ఈపాస్1 జన్యువుపై ప్రకృతి వరణం జరిగిందా అన్నది నా ప్రశ్న. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే జీబ్రాఫిష్ అనే చిన్న చేపలోనే దీనికి ఎ, బి అని రెండు రూపాలు. ఈ కార్ప్ టెట్రాప్లాయిడ్ (రెండుకు బదులు నాలుగు క్రోమోజోమ్ సెట్లున్నది) కాబట్టి ఒక్కోదానికి మళ్లీ జంట కాపీలు ఉండొచ్చు. అసలు చిక్కంతా అక్కడే.

నా దగ్గరున్నది మొప్పల ట్రాన్స్‌క్రిప్టోమ్ (అక్కడ పనిచేస్తున్న జన్యువుల ఆర్‌ఎన్‌ఏ వరుసలు) ఒక్కటే, జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ వరుస) లేదు. పోలికున్న వరుసలను గుంపుగా కలిపే సీడీ-హిట్ ప్రోగ్రామ్‌లో 95 శాతం పోలిక పెడితే కాపీలు కలిసిపోతున్నాయి, 99 పెడితే అల్లీల్స్ (ఒకే జన్యువు కాపీకి ఉండే రూపాంతరాలు) కూడా విడిపోతున్నాయి. వరణం జరిగిందా అని చూసే పీఏఎంఎల్ ప్రోగ్రామ్ బ్రాంచ్-సైట్ టెస్ట్‌లో పి విలువ (ఎంత తక్కువైతే ఆధారం అంత బలం), వరుసలను మాఫ్ట్ ప్రోగ్రామ్‌తో అలైన్ చేస్తే (ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేరిస్తే) 0.003, ప్రాంక్‌తో చేస్తే 0.21 వచ్చింది. గ్యాప్‌లున్న కోడాన్లు (మూడక్షరాల జన్యు ముక్కలు) తీసేసి చూసినా తేడా పోలేదు. మూడు వారాలుగా ఇదే టెన్షన్.

జీనోమ్ లేకుండా, ఈ టెస్ట్‌కు ముందే జంట కాపీలను అల్లీల్స్ నుంచి నమ్మకంగా వేరుచేసే పద్ధతి ఏది?